రేగడి నేలకు ఒక్కో కిలోమీటరు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగాల ఇంజినీర్-ఇన్-చీఫ్‌లకు బహిరంగ లేఖ



మీరిద్దరూ చెరో రాష్ట్రం అధికారులు. అయినా ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నేను అడగబోయే పనికి కావలసిన సరుకు కృష్ణకు ఆ గట్టున కొంత, ఈ గట్టున కొంత ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిద, దామరచర్ల మండలంలో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రం బూడిద నదికి ఉత్తరాన. పిడుగురాళ్ళ సున్నం బట్టీల పొడి, మాచర్ల నాపరాళ్ళ పొడి దక్షిణాన. రెండు గట్ల మీదా నల్లరేగడి. మిర్యాలగూడ నుంచి పిడుగురాళ్ళ దాకా నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద వంద కిలోమీటర్లు కూడా ఉండదు.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. ఈ పొడులతో రేగడిని గట్టిపరిచే పనికి మీ రేట్ల పట్టికలో, అంటే ఎస్.ఎస్.ఆర్.లో, చోటివ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని ఊరి రోడ్లలో ఒక్కో కిలోమీటరు దీనికి కేటాయించండి. అయిదు వానాకాలాలపాటు ఆ రోడ్లను కొలవండి. కొలతలు మంచివైనా చెడ్డవైనా అందరికీ చూపండి.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో సాయిల్ మెకానిక్స్ పాఠం చెప్పే మనిషిని. రేగడి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం సర్పంచులూ, ఆ రోడ్ల మీద ట్రాక్టరు నడిపే రైతులూ కూడా చదవాలని నా కోరిక. అందుకని మొదటి నుంచీ వస్తాను.

పత్తినీ మిర్చినీ కందినీ పండించే ఈ నేలలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని రేణువుల్లో పలచని పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ. వాన పడగానే నీరు ఆ సందుల్లో దూరి పొరలను ఎడం చేస్తుంది, నేల ఉబ్బుతుంది. ఎండాకాలం ఆ నీరు ఇంకిపోయి నేల బిగుసుకుని నెర్రెలు విచ్చుతుంది. తేమను పట్టి ఉంచే ఈ గుణమే పైరుకు వరం, రోడ్డుకు శాపం. ఏటా ఒకసారి లేచి ఒకసారి కుంగే నేల మీద ఏ తారు పొరా నిలవదు. ముందు అంచుల్లో పొడుగాటి పగుళ్ళు వస్తాయి, తర్వాత చక్రాల దారి కుంగుతుంది, ఆ పైన గుంతలు. కాంట్రాక్టరు తినేశాడని ఊరు అనుకుంటుంది. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. పని నిజాయితీగా చేసిన చోట కూడా, కింద మట్టి కదిలితే పైన రోడ్డు పోతుంది.

మట్టి బలాన్ని మనం సి.బి.ఆర్. (కాలిఫోర్నియా బేరింగ్ రేషియో) పరీక్షతో కొలుస్తాం. 1920ల చివర్లో కాలిఫోర్నియా రహదారుల విభాగంలో పుట్టిన పరీక్ష ఇది. అచ్చులో కూరిన మట్టిని నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీని నెమ్మదిగా అందులోకి దించుతారు. మేలైన నలగగొట్టిన కంకరకు 100 మార్కులు వేస్తే, నానిన రేగడికి తరచు 2 మార్కులు వస్తాయి. గ్రామీణ రోడ్ల డిజైనుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఎస్.పి. 72 ఈ 2ను అతి బలహీనమైన తరగతిలో, 5–6ను మధ్యస్థంలో పెట్టింది. ఉబ్బును కొలవడం ఇంకా సులువు. 10 గ్రాముల పొడి మట్టిని నీళ్ళున్న సిలిండరులో, మరో 10 గ్రాములను కిరోసిన్ ఉన్న సిలిండరులో వేసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి రెండింటి మధ్య తేడా ఫ్రీ స్వెల్ ఇండెక్స్‌ను ఇస్తుంది. అది 50 శాతం దాటిన మట్టిని గట్టు నింపడానికి వాడొద్దని కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లు చెబుతున్నాయి.

అందుకే మనవాళ్ళు రేగడిని తవ్వి పారబోసి, మొరం తెచ్చి నింపుతారు. దీని బరువెంతో ఒక్కసారి లెక్క చూద్దాం. 7.5 మీటర్ల వెడల్పున, 30 సెంటీమీటర్ల మందాన రోడ్డు అడుగు మట్టి పొర, అంటే సబ్‌గ్రేడ్, ఒక కిలోమీటరు వేయాలంటే 2,250 ఘనపు మీటర్ల మట్టి కావాలి. అంటే సుమారు 3,600 టన్నులు. తవ్విన రేగడి అంతే పోవాలి, మొరం అంతే రావాలి. దగ్గరి గుట్టలు అయిపోయేకొద్దీ ఎస్టిమేటులో లీడు, అంటే సరుకు తెచ్చే దూరం, పెరుగుతుంది. టిప్పర్లు తిరిగిన దారిలో ఇంకో ఊరి రోడ్డు పాడవుతుంది. ఒక ఊరికి రోడ్డు వేయడానికి ఇంకో ఊరి గుట్ట నేలమట్టమవుతుంది. రేగడినే బాగుచేసుకుని దాని మీదే రోడ్డు వేయగలిగితే ఈ రవాణాలో చాలా భాగం తప్పుతుంది.

బాగుచేసే విద్య మనకు కొత్తది కాదు. సున్నంలో ఇటుక పొడి కలిపి గానుగ ఆడించి గోడలు కట్టిన మేస్త్రీలకు ఈ కలయిక గుణం తెలుసు. రేగడిలో సున్నం కలిపితే రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది గంటల్లోనే మొదలవుతుంది. సున్నంలోని కాల్షియం మట్టి పొరల మధ్య ఉన్న సోడియం వంటి అయాన్లను తోసి ఆ చోటు తాను తీసుకుంటుంది. పొరలు దగ్గరపడతాయి, సన్న రేణువులు గుంపులు కడతాయి, జిగట మట్టి చేతిలో పొడిపొడిగా రాలుతుంది, ఉబ్బు తగ్గుతుంది. రెండో మార్పుకు వారాలు, నెలలు పడుతుంది. సున్నం వల్ల క్షారతను చూపే పి.హెచ్. 12.4 దాకా పెరిగినప్పుడు మట్టిలోని సిలికా, అల్యూమినా కరిగి కాల్షియంతో కలిసి, సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే పదార్థం లాంటి బంధకం తయారవుతుంది. బలం వచ్చేది దానివల్ల. ఎంత సున్నం కావాలో తేల్చడానికి ఈడ్స్, గ్రిమ్ అనే ఇద్దరు 1966లో చూపిన పద్ధతి ఉంది. కొద్దిపాటి మట్టిలో వేర్వేరు పాళ్ళలో సున్నం కలిపి నీళ్ళు పోసి, గంట తర్వాత పి.హెచ్. చూడాలి. 12.4 అందుకున్న అతి తక్కువ పాలు ఏదో అది మొదటి అంచనా. మన రేగళ్ళకు అది ఎక్కువగా నూటికి 3 నుంచి 6 మధ్య ఉంటుంది. సున్నం కలిపిన మట్టి మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐ.ఆర్.సి. 51, సున్నం, సిమెంటు, ఫ్లైయాష్‌లతో స్థిరీకరణ మీద 2010లో వచ్చిన ఎస్.పి. 89 మీ ఆఫీసు బీరువాల్లో ఉన్నవే.

ఇక పొడుల దగ్గరికి వస్తాను. వ్యర్థ పొడులన్నీ ఒకటే అనుకోవడంతోనే చాలా పనులు చెడతాయి.

ఊక బూడిదలో సిలికా నూటికి 85, 90 పాళ్ళ దాకా ఉంటుంది. వంద కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే సుమారు 4 కిలోల బూడిద మిగులుతాయి. రోజుకు వంద టన్నుల ధాన్యం ఆడించే మిల్లు ఊకంతా కాలిస్తే నాలుగు టన్నుల బూడిద. మిల్లుల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఈ నల్లబూడిద బాధ బాగా తెలుసు: ఆరేసిన బట్టల మీద, బండి నడిపేవాడి కంట్లో, చెరువు నీళ్ళ మీద. ఇది ఒక్కటే మట్టిలో కలిపితే పెద్దగా ఫలం లేదు. సున్నం తోడైతే ఆ సిలికా కదులుతుంది, మట్టి ఒక్కటే ఇవ్వలేనంత బంధకం పుడుతుంది. ఒక షరతు ఉంది. ఊక మరీ ఎక్కువ వేడిలో కాలితే సిలికా స్ఫటికంగా మారి మొద్దుబారుతుంది. సరిగా కాలకపోతే బొగ్గు మిగిలిపోతుంది. ఒక మిల్లు బాయిలరు బూడిద బాగుందని పక్క మిల్లుదీ బాగుంటుందని నమ్మకూడదు.

థర్మల్ బూడిద కూడా అంతే. మన బొగ్గు నుంచి వచ్చే ఫ్లైయాష్‌లో సున్నం పాలు తక్కువ, సిలికా, అల్యూమినా ఎక్కువ. సున్నమో సిమెంటో తోడు లేకుండా అది పట్టదు. ఢిల్లీలో రెండో నిజాముద్దీన్ వంతెనకు వెళ్ళే రోడ్డు గట్టును 1990ల చివర్లో ఫ్లైయాష్‌తో కట్టారు. కాబట్టి ఇది మన దేశంలో రుజువైన సరుకే. కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాలు చేసే సంస్థలు బూడిద వాడి తీరాలి. విద్యుత్ కేంద్రం ఆ సంస్థకు నోటీసు ఇచ్చినప్పుడు ఆ బూడిదను ఉచితంగా, రవాణా ఖర్చు కూడా తానే భరించి పని జరిగే చోటికి చేర్చాలి. యాదాద్రి కేంద్రం 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు. ఇబ్రహీంపట్నంలోని విజయవాడ థర్మల్ కేంద్రం పల్నాడుకు దూరం కాదు. చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటును ఊరి రోడ్డు దాకా తేవలసింది మీరే.

పిడుగురాళ్ళ బట్టీల్లో గడ్డ సున్నం అమ్ముడుపోగా పొడీ, సరిగా కాలని రాయీ మిగులుతాయి. పొడిలో చురుకైన సున్నం ఎంతో పరీక్షిస్తే తప్ప తెలియదు. గాలి తగిలి నెలలు పడి ఉన్న సున్నం మళ్ళీ సున్నపురాయిగా మారిపోతుంది. తాజా పొడికీ పాత కుప్పకూ ధర ఒకటే కావచ్చు గానీ పని ఒకటి కాదు.

నాపరాళ్ళు, గ్రానైట్ కోసేచోట వచ్చే పొడి గురించి స్పష్టంగా చెప్పాలి. మాచర్ల, బేతంచెర్ల, తాండూరుల్లో వచ్చేది కాల్చని సున్నపురాయి పొడి. సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తేనే అది సున్నమవుతుంది. కాల్చని పొడిలో కాల్షియం ఉన్నా అది మట్టితో దాదాపు కలవదు. ఖమ్మం, కరీంనగర్, చీమకుర్తి గ్రానైట్ పొడి కూడా మట్టితో కలవని పదార్థమే. ఇవి రెండూ జిగటను పలుచన చేస్తాయి, మట్టిలో సన్నపాళ్ళను సర్దుతాయి, అందుకని పాలు ఎక్కువ వేయాలి. పనికిరావని నేననను. సున్నం పక్కన సహాయకులుగా పనికొస్తాయి. సున్నం చేసే పనిని వీటి నుంచి ఆశిస్తే మొదటి వానకే భంగపడతాం.

ఇంత తెలిసీ పని ఎందుకు జరగడం లేదు? రెండు రాష్ట్రాల కాలేజీల్లో నల్లరేగడిలో ఏదో ఒక పొడి కలిపి సి.బి.ఆర్. పెరిగిందని తేల్చే ఎం.టెక్. ప్రాజెక్టులు ఏటా వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు నాలుగు రోజులు నానబెట్టిన అచ్చు దగ్గరే ముగుస్తాయి. పదిసార్లు తడిసి పదిసార్లు ఎండితే ఏమవుతుందో చూసేవి తక్కువ. రోడ్డు మీదికి వచ్చేవి ఇంకా తక్కువ. అవతల మండలంలో మీ కింద పనిచేసే అసిస్టెంట్ ఇంజినీర్, అంటే ఏ.ఈ., వైపు నుంచి చూస్తే ఆయన తప్పేమీ కనిపించదు. ఎస్.ఎస్.ఆర్.లో లేని ఐటెం ఎస్టిమేటులో రాస్తే పై అధికారి డీ.ఈ. తిప్పి పంపుతారు. కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో ఎక్కించలేని పనికి బిల్లు రాదు. మొరం పోస్తే రేటు ఉంది, కొలిచే పద్ధతి ఉంది, ఆడిట్‌లో ప్రశ్న రాదు. రెండేళ్ళలో రోడ్డు పోయినా దాన్ని మామూలు సంగతిగానే చూస్తారు. కొత్త పద్ధతిలో వేసిన రోడ్డు పోతే మాత్రం మెమో వస్తుంది. ఈ భయాన్ని తీసేయగలిగినవారు మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు.

అయితే, ఇందులోని ప్రమాదాలను దాచి నేను మిమ్మల్ని ఒప్పించదలచుకోలేదు. మొదటిది సల్ఫేట్. మట్టిలో గానీ పొడిలో గానీ జిప్సం వంటివి ఉంటే, సున్నం, అల్యూమినా, సల్ఫేట్, నీరు కలిసి ఎట్రింజైట్ అనే ఉబ్బే స్ఫటికాలు పుడతాయి. అమెరికాలోని లాస్ వేగాస్‌లో స్టూవర్ట్ అవెన్యూ రోడ్డు సున్నంతో గట్టిపరిచిన తర్వాత ఇలాగే ఉబ్బి పాడైంది. 1988లో హంటర్ రాసిన పరిశోధన తర్వాత అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మన రేగళ్ళలో కొన్నిచోట్ల జిప్సం ఉంటుంది. సల్ఫేట్ పరీక్ష లేకుండా సున్నం చల్లడానికి వీల్లేదు. ఎరువుల ఫ్యాక్టరీల ఫాస్ఫోజిప్సాన్ని సున్నంతో కలపాలన్న ప్రతిపాదన వస్తే ఈ కారణంగానే పదిసార్లు ఆలోచించాలి.

రెండోది నీరు. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. ఊరి రోడ్డు పక్కనే పంట కాలువ, బావి, మంచినీళ్ళ చెరువు ఉంటాయి. నీళ్ళలోకి ఏమేం దిగుతాయో చూసే లీచేట్ పరీక్ష ఒక్కో కుప్పకూ జరగాలి. ఫలితం నచ్చకపోతే ఆ కుప్ప వెనక్కి పోవాలి. తాగునీటి వనరుల దగ్గర ఈ పని పెట్టకూడదు. ఫ్యాక్టరీకి బరువైనదాన్ని ఊరి నెత్తిన దించడం నా ఉద్దేశం కాదు. రోడ్డుకు పనికొచ్చే పాలు ఎంతో అంతే రావాలి, ఒక్క టిప్పరు కూడా ఎక్కువ రాకూడదు. నూటికి పది పాళ్ళ బూడిద వేయాలని డిజైను చెబితే కిలోమీటరుకు 360 టన్నులు. దిగినవి 600 టన్నులైతే మిగతాది రోడ్డు అంచున పడేసిన చెత్త. దాన్ని చెత్తగానే లెక్కకట్టి జరిమానా వేయాలి.

మూడోది పనిచేసే మనుషులు. కాల్చిన సున్నం తడి తగిలితే తీవ్రంగా వేడెక్కుతుంది, కళ్ళు పోవచ్చు. రాతి పొడిలోని సన్న సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. ఎండలో తుండుగుడ్డ చుట్టుకుని పారతో పొడి చల్లే కూలీ ఈ పథకంలో ఉండకూడదు. పొడి తడిపి తేవాలి, లేదా మూసిన ట్యాంకరులో రావాలి. గాలి ఎక్కువున్న రోజు పని ఆపాలి. మాస్కు, కళ్ళజోడు, గ్లవ్స్ ఖర్చు ఎస్టిమేటులోనే విడి ఐటెంగా కనిపించాలి.

నాలుగోది పని నాణ్యత. రేగడి గడ్డలు చితక్కుండా కలిపితే సున్నం గడ్డ పైన పూతగా మిగులుతుంది, లోపల మట్టి పాత గుణంతోనే ఉంటుంది. స్పెసిఫికేషన్ల ప్రకారం సున్నం పనికి గడ్డలన్నీ 26.5 మిల్లీమీటర్ల జల్లెడలో దిగాలి. వాటిలో కనీసం 60 శాతం 5.6 మిల్లీమీటర్ల జల్లెడలోనూ దిగాలి. మన ఊళ్ళలో ట్రాక్టరుకు తగిలించే రోటవేటర్లు ఉన్నాయి. రెండు మూడు సాళ్ళు తిప్పితే ఇది అసాధ్యం కాదు. తర్వాత సరైన తేమలో రోలరు, ఆ పైన కనీసం 7 రోజుల తడి. ఇవన్నీ చేసినా సైడు కాలువ లేకపోతే ప్రయోజనం లేదు. రోడ్డు పక్కన నీళ్ళు నిలిచే చోట ఏ పొడీ రేగడిని కాపాడలేదు.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకునే ఈ అయిదు పనులు అడుగుతున్నాను.

ఒకటి: సున్నంతో, సున్నం–ఊక బూడిదతో, సున్నం–ఫ్లైయాష్‌తో సబ్‌గ్రేడ్ గట్టిపరిచే పనిని మూడు విడి ఐటెంలుగా రెండు రాష్ట్రాల ఎస్.ఎస్.ఆర్.లోకి తీసుకోండి. కలపడం, జల్లెడ పరీక్ష, క్యూరింగ్, రక్షణ సామగ్రి అన్నీ రేటులో ఉండాలి.

రెండు: నల్గొండ, సూర్యాపేట, పల్నాడు జిల్లాల్లో మంజూరైన రోడ్లలోంచి కొన్నిటిని ఎంచి, ఒక్కోదాంట్లో ఒక కిలోమీటరు ఈ పద్ధతిలో వేయించండి. దాని పక్కనే అదే మట్టి, అదే ట్రాఫిక్ ఉన్న కిలోమీటరును మామూలు మొరం పద్ధతిలో వేయించండి. పోలిక లేని ప్రయోగం ఎవరినీ ఒప్పించదు.

మూడు: ప్రతి కుప్పకూ ఒక పరీక్షా పత్రం పెట్టండి. చురుకైన సున్నం ఎంత, బూడిదలో కాలని బొగ్గు ఎంత, సల్ఫేట్ ఎంత, లీచేట్ ఫలితమేమిటి. ఆ పత్రం లేని టిప్పరు రోడ్డు మీద దిగకూడదు. ఈ పరీక్షలు చేయడానికి ఆ ప్రాంతపు ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులను మీ క్వాలిటీ కంట్రోల్ విభాగంతో జతచేయండి. మా పిల్లలు ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టులకు అప్పుడు ఒక అర్థం వస్తుంది.

నాలుగు: వానకు ముందు ఒకసారి, వాన తర్వాత ఒకసారి, అయిదేళ్ళపాటు కొలవండి. డైనమిక్ కోన్ పరికరంతో బలం, సబ్‌గ్రేడ్‌లో తేమ, పగుళ్ళ పొడవు, చక్రాల దారి లోతు, పక్క బావుల నీటి నాణ్యత. ఈ కొలతలను తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టించండి. పనికి రాలేదని తేలితే అదీ రాయించండి. మరో ఊరు ఆ డబ్బు పోగొట్టుకోకుండా ఉంటుంది.

అయిదు: ఈ కిలోమీటర్ల విషయంలో ఏ.ఈ.లకు, డీ.ఈ.లకు రాతపూర్వకంగా భరోసా ఇవ్వండి. పద్ధతి ప్రకారం చేసి, పత్రాలు సరిగా ఉంచి, రోడ్డు విఫలమైతే శిక్ష ఉండదని చెప్పండి. పత్రాలు లేకుండా చేస్తే మాత్రం రోడ్డు నిలిచినా సంజాయిషీ అడగండి.

ఇందులో కొత్త చట్టం అడగలేదు. విదేశీ యంత్రమూ ప్రత్యేక నిధీ అడగలేదు. ఏటా మీరు వేసే రోడ్లలోంచి కొన్ని కిలోమీటర్లు, మీ చేతిలో ఉన్న పట్టికలో మూడు పంక్తులు, అయిదేళ్ళ ఓపిక అడుగుతున్నాను. ఫలితం బాగుంటే మొరం గుట్టల మీద భారం తగ్గుతుంది, మిల్లు పక్క ఊరికి బూడిద బాధ కొంత తీరుతుంది, రేగడి ఊరికి రెండేళ్ళు దాటి నిలిచే రోడ్డు వస్తుంది. బాగోకపోతే, ఎందుకు బాగోలేదో చెప్పే కొలతలు మన నేల మీద నుంచే మన చేతికి వస్తాయి. ఇప్పుడు మన దగ్గర అలాంటి రోడ్లూ, అలాంటి కొలతలూ తక్కువ.

వచ్చే ఎస్.ఎస్.ఆర్. సవరణ కమిటీ కూర్చునే లోపు మీ రెండు విభాగాల ఇంజినీర్లు ఒకసారి కలిసి, ఈ అయిదు అంశాల మీద అవుననో కాదనో కారణాలతో సహా రాసి ప్రకటించండి. కాదంటే ఆ కారణాలను నా విద్యార్థుల ముందు పెట్టి చదివిస్తాను, జవాబులు వెతుకుతాం. అవునంటే మొదటి కిలోమీటరు మట్టి పరీక్షలకు మా ల్యాబు తలుపులు తెరిచి ఉంటాయి. దానికి మీరు మాకు ఒక్క రూపాయీ ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
రేగడి నేల మీద పుట్టి, ఆ మట్టి గురించే పాఠం చెప్పుకునే ఒక అధ్యాపకుడు